వార్తాపత్రిక మీద నీలి మరక

జర్మనీ అడవుల్లో పుట్టగొడుగులు ఏరుకునేవాళ్లలో చాలామందికి ఒక పరీక్ష తెలుసు. దానికి పెద్ద సరంజామా అక్కర్లేదు, పాత వార్తాపత్రిక చాలు. అచ్చు పడని అంచు మీద పచ్చి పుట్టగొడుగు ముక్కను అదిమితే తడి మచ్చ పడుతుంది. మచ్చ చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, ఎండా సెగా తగలకుండా ఆరనిస్తారు. ఆరాక దాని మీద గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క. కొద్ది నిమిషాల్లో మచ్చ నీలానికి తిరిగిందా, ఆ బుట్టను వంటింటి గడప దాటనివ్వరు. తమాషా ఏమిటంటే, తెల్లటి మేలురకం కాగితం మీద ఈ పరీక్ష పనిచెయ్యదు. చవకబారు కాగితమే కావాలి. ఎందుకో తరవాత చూద్దాం. ఆ నీలి మరక దాకా రావడానికే మనుషులకు రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.

ఈ పరీక్షతో పట్టుకోవాలని చూసే పుట్టగొడుగు శాస్త్రీయ నామం అమనిటా ఫాలాయిడిస్. ఇంగ్లిష్‌లో డెత్ క్యాప్ అంటారు. యూరప్‌లో ఓక్, బీచ్, చెస్ట్‌నట్ చెట్ల నీడన వేసవి చివర మొదలై శరదృతువంతా మొలుస్తుంది. ఓక్ అడవులు లేని మన తెలుగు నేల మీద దానికి పేరు పెట్టాల్సిన పని పడలేదు కాబట్టి, ఈ కథ వరకు చావుగొడుగు అందాం. పుట్టగొడుగులు తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమందిని బలితీసుకున్నది ఇదీ, దీని దగ్గరి చుట్టాలూ.

చూపులకు వంకపెట్టడానికేమీ లేదు. అరచేతి వెడల్పు గొడుగు, పసుపు కలిసిన లేత ఆకుపచ్చ రంగు, కింద తెల్లటి రేకులు, కాడ మెడ దగ్గర చిన్న పావడాలా వేలాడే పల్చటి పొర. లేతగా ఉన్నప్పుడు వాసన కూడా బాగానే ఉంటుంది. తిని బతికి బయటపడ్డవాళ్లు రుచిగా ఉందనే చెప్పారు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టి దాచుకున్నా విషం చెక్కుచెదరదు. పెద్దవాళ్ల ప్రాణం తియ్యడానికి ఒక్క గొడుగు, ఒక్కోసారి అందులో సగం చాలు.

అంతటి విషం ఇన్ని శతాబ్దాలు చేతికి చిక్కకుండా ఎలా తప్పించుకుంది? దీనికి రెండు ముసుగులున్నాయి. ఒకటి మట్టిలో. ఈ పుట్టగొడుగు పుట్టేటప్పుడు తెల్లటి గుడ్డులా ఉంటుంది. ఆ గుడ్డు పెంకు చీల్చుకుని కాడ పైకి లేస్తుంది. చిరిగిన పెంకు కాడ అడుగున సంచిలా మిగిలిపోతుంది. దాన్ని పట్టించే మొదటి ఆనవాలు ఆ సంచే. కానీ అది నేలలో కూరుకుపోయి ఉంటుంది. కత్తితో కాడ దగ్గర కోసుకుని బుట్టలో వేసుకునే మనిషి ఆ ఆనవాలును అడవిలోనే వదిలేసి ఇంటికి పోతాడు.

రెండో ముసుగు కాలంలో. తిన్నాక ఆరు గంటలు, పన్నెండు గంటలు, ఒక్కోసారి ఒక రోజంతా ఏమీ కాదు. ఆ తరవాత కలరా వచ్చినట్టు వాంతులు, విరేచనాలు. ఒకటి రెండు రోజులకు అవీ తగ్గుముఖం పడతాయి. రోగి లేచి కూచుంటాడు, ఆకలేస్తోందంటాడు, ఇంట్లోవాళ్లు దేవుడికి దణ్ణం పెట్టుకుంటారు. లోపల కాలేయం కుప్పకూలుతున్నది సరిగ్గా ఆ గంటల్లోనే. మూడో రోజుకో నాలుగో రోజుకో కళ్లు పచ్చబడేసరికి పుట్టగొడుగు కూర సంగతి ఎవరికీ గుర్తుండదు. మధ్యలో తిన్న మరేదో తిండి మీదికి నేరం పోతుంది.

ఈ ముసుగులు తెలియక పూర్వం నమ్ముకున్న పరీక్షలు చూస్తే ఇప్పుడు గుండె ఝల్లుమంటుంది. కూరలో వెండి చెంచా పెడితే నల్లబడుతుందన్నారు. గొడుగు మీద తొక్క సులువుగా ఊడివస్తే మంచిదన్నారు. నత్తలు కొరికిన గుర్తులుంటే మనమూ తినొచ్చన్నారు. రోమన్ రచయిత ప్లినీ అయితే తుప్పు పట్టిన ఇనుము పక్కనా, పాము పుట్టల పక్కనా మొలిచినవాటికి విషం ఎక్కుతుందని రాశాడు. ఒక్కటీ నిజం కాదు. వెండిని నల్లబరిచేది గంధకం, ఈ విషం కాదు. ఇక నత్తలు చావుగొడుగును హాయిగా మేసి తమ దారిన తాము పోతాయి.

మా అమ్మమ్మ పద్ధతి వేరు. తొలకరి ఉరుములకు లేచిన పుట్టగొడుగులు ఎవరైనా ఒడిలో పోసుకొస్తే, ఆవిడ వాటి ముఖం చూసేది కాదు. ఎక్కడ మొలిచాయని అడిగేది. పుట్ట మీదవా, పెంట మీదవా, మోడు మీదవా? పుట్ట మీదవైతేనే పొయ్యి ఎక్కేవి, మిగతావన్నీ కుక్కగొడుగులే. మన భాషలో దాని పేరులోనే చిరునామా ఉంది మరి. ప్లినీ పరీక్షల కన్నా ఇది నూరు రెట్లు మెరుగని నా అభిప్రాయం, ఎందుకంటే శిలీంధ్రానికి చోటుతో ఉన్న చుట్టరికం నిజమైనది. చెదపురుగులు తమ గూట్లో సాగుచేసే బూజు నుంచే మన పుట్టగొడుగులు లేస్తాయి. చావుగొడుగు చెట్ల వేళ్లను అంటిపెట్టుకుని బతుకుతుంది. అయితే ఇలాంటి నియమాలు వాటి ఊళ్లోనే చెల్లుతాయి. ఊరు దాటితే ఏమవుతుందో కాసేపట్లో అమెరికా చెబుతుంది.

శాస్త్రం కంటికి ఇది తొలిసారి స్పష్టంగా చిక్కింది పారిస్‌లో. సెబాస్టియన్ వయాఁ అక్కడి రాజోద్యానంలో పనిచేసిన వృక్షశాస్త్రజ్ఞుడు. పూలలో ఆడ మగ ఉంటాయని 1717లో బహిరంగంగా ఉపన్యసించి కొందరిని నోరెళ్లబెట్టించిన మనిషి. పారిస్ చుట్టుపక్కల మొక్కలన్నిటినీ నమోదు చేస్తూ ఏళ్లు గడిపాడు. పుస్తకం అచ్చులో చూసుకోకుండానే 1722లో పోయాడు. రాతప్రతి లైడెన్‌లోని మిత్రుడు, ప్రసిద్ధ వైద్యుడు హెర్మన్ బూర్‌హావ చేతికి చేరింది. ఆయన పూనుకుని 1727లో దాన్ని అచ్చువేయించాడు. అందులో మన చావుగొడుగుకు ఒక లాటిన్ వర్ణన ఉంది. ఫాలస్‌ను పోలినది అని మొదలై, వలయం ఉన్నది, మురికి ఆకుపచ్చది, విచ్చుకున్నది అంటూ సాగుతుంది. ఫాలస్ అనేది దుర్గంధం కొట్టే మరో శిలీంధ్రం, అదీ గుడ్డులోంచే లేస్తుంది. ఆ పోలిక మాటే పేరుగా నిలిచిపోయింది. స్వీడన్‌కు చెందిన ఎలియాస్ ఫ్రైస్ 1821లో దాన్ని ఖాయం చేశాడు, హైన్రిష్ లింక్ 1833లో అమనిటా ప్రజాతిలో చేర్చాడు. ఇప్పుడు మనం పలుకుతున్న పూర్తి పేరు అదే.

ఫ్లారెన్స్‌లో పియర్ ఆంటోనియో మికేలి 1729లో అచ్చువేసిన పుస్తకంతో ఇంకో ఆధారం దొరికింది. పుట్టగొడుగులు కుళ్లులోంచి వాటంతట అవే పుడతాయని జనం నమ్ముతున్న రోజుల్లో, ఆయన రేకుల నుంచి రాలే సన్నటి పొడిని చూసి, దాన్ని విత్తి, మళ్లీ శిలీంధ్రాన్ని మొలిపించాడు. ఆ పొడి కణాలే సిద్ధబీజాలు. గొడుగును కాగితం మీద బోర్లించి రాత్రంతా వదిలేస్తే తెల్లారేసరికి పొడి రాలి ముద్ర పడుతుంది. చావుగొడుగు ముద్ర తెలుపు. 1924లో చెక్ దేశపు బడిపంతులు వాట్స్‌లావ్ మెల్జర్ అయోడిన్‌తో ఒక ద్రావణం తయారుచేశాక, ఆ తెల్లటి పొడి దాని తాకిడికి నీలి నలుపుకు తిరగడం మరో గుర్తయింది.

కంటికి దొరికేది ఇంతే. ఇది చావుగొడుగు అని చెప్పగలిగారు గాని, చంపుతున్నదేమిటో చెప్పలేకపోయారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు ఝాఁ ఝాక్ పొలె పుట్టగొడుగులను కుక్కలకు పెట్టి విషాలను విడగొట్టి చూడాలని తంటాలు పడ్డాడు. 1891లో డోర్పాట్ విశ్వవిద్యాలయంలో రుడాల్ఫ్ కోబర్ట్ అసలు దొంగ దొరికాడనుకున్నాడు. రక్తకణాలను బద్దలుకొట్టే పదార్థం ఒకటి ఇందులో ఉంది. దానికి ఫాలిన్ అని పేరు పెట్టాడు. చిక్కల్లా ఒక్కటే, వేడిచేస్తే ఫాలిన్ విరిగిపోతుంది. చచ్చిపోయినవాళ్లు తిన్నది వండిన కూర. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన విలియం ఫోర్డ్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ మెలిక పట్టుకుని, వేడికి లొంగని విషం వేరే ఉందని తేల్చాడు. అదేమిటో బయటికి తియ్యడం మాత్రం ఆయన తరంలో కాలేదు.

వైద్యం సంగతి ఇంకా ఘోరం. కుందేళ్లు చావుగొడుగు తిన్నా చావవన్న నమ్మకంతో, 1930లలో ఫ్రాన్స్‌లో రోగుల చేత పచ్చి కుందేలు మెదళ్లు, పొట్టలు నూరి తినిపించిన వైద్యులున్నారు. తిన్నవాళ్ల అవస్థ తలుచుకుంటే, జబ్బు నయమా మందు నయమా అనిపిస్తుంది.

విషాన్ని బయటికి లాగింది మ్యూనిక్. అక్కడి రసాయన శాస్త్ర ఆచార్యుడు హైన్రిష్ వీలాండ్‌కు పైత్యరసంలోని ఆమ్లాల మీద పరిశోధనకు 1927 నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన శిష్యుడు ఫియొడోర్ లినెన్ డాక్టరేట్ కోసం తీసుకున్న అంశం అమనిటా విషాలు. 1937 ఫిబ్రవరిలో పట్టా పుచ్చుకున్నాడు, అదే ఏడు మే నెలలో గురువుగారి కూతురు ఎవాను పెళ్లాడాడు. తరవాతెప్పుడో 1964లో వేరే పరిశోధనకు తానూ నోబెల్ అందుకున్నాడు. లినెన్, మ్యూనిక్ బృందంలోనే ఉన్న ఉల్రిష్ వీలాండ్ కలిసి చావుగొడుగు నుంచి స్ఫటికాలుగా రాబట్టిన పదార్థం పేరు ఫాలాయిడిన్.

ఇక్కడ అందరూ చప్పట్లు కొట్టి ఇళ్లకు పోయి ఉంటే కథ తప్పుదారి పట్టేది. ఫాలాయిడిన్‌ను ఎలుకలోకి ఎక్కిస్తే గంటల్లో చస్తుంది. చావుగొడుగు తిన్న మనిషి చావడానికి రోజులు పడుతుంది. విషం దొరికింది, దాని గడియారం మాత్రం కలవలేదు. ఫాలాయిడిన్ పేగుల్లోంచి ఒంట్లోకి ఇంకదనీ, కూరలో ఉన్నా దానివల్ల మనిషికి పెద్ద ప్రమాదం లేదనీ తరవాత తెలిసింది. మ్యూనిక్ బృందం మళ్లీ వెతికింది. 1941లో, యుద్ధం నడుస్తుండగా, హైన్రిష్ వీలాండ్, రుడాల్ఫ్ హాలర్‌మాయర్ ఇంకో పదార్థాన్ని పట్టుకున్నారు. ఎంత ఎక్కించినా ఇది తొందరపడదు. ఎలుకలు రెండు మూడు రోజులు తీసుకుని నిదానంగా చస్తాయి. గడియారం సరిపోయింది. దీని పేరు అమనిటిన్. ఎనిమిది అమినో ఆమ్లాలు చేతులు పట్టుకుని ఉంగరంలా చుట్టుకున్న చిన్న అణువు. మనిషి బరువు కిలోకు 0.1 మిల్లీగ్రాము చాలు. అంటే అరవై కిలోల మనిషికి ఆరు మిల్లీగ్రాములు, మధ్యరకం చావుగొడుగు ఒక్కదానిలో దొరికేటంత.

హైన్రిష్ కొడుకు థియొడోర్ వీలాండ్ ఈ విషాలతోనే జీవితం గడిపాడు. మొదట చెప్పిన వార్తాపత్రిక పరీక్షకు మూలం ఆయన 1949లో గమనించిన రంగుమార్పు. చవక కాగితాన్ని కర్రగుజ్జుతో చేస్తారు, అందులో లిగ్నిన్ మిగిలిపోతుంది. పాతబడితే వార్తాపత్రిక పసుపెక్కేది దానివల్లే. ఆమ్లం పడగానే లిగ్నిన్‌లోని కొన్ని భాగాలు అమనిటిన్‌తో కలిసి నీలంగా మారతాయి. ఖరీదైన తెల్లకాగితంలో లిగ్నిన్‌ను కడిగేస్తారు కాబట్టి దాని మీద ఏ రంగూ రాదు. 1979లో అలోయిస్ మైక్స్‌నర్ దీన్ని ఇళ్లలో, శిబిరాల్లో చేసుకునే పద్ధతిగా తీర్చిదిద్దాడు. అందుకే కొందరు వీలాండ్ పరీక్ష అనీ, కొందరు మైక్స్‌నర్ పరీక్ష అనీ అంటారు.

అంత ముచ్చటైన పరీక్ష, అయినా దాన్ని నమ్ముకుని ఎవరూ కూర వండకూడదు. మచ్చను ఎండలో ఆరబెడితే విషం లేకపోయినా నీలం రావచ్చు. మత్తెక్కించే సైలోసిబిన్ పుట్టగొడుగులూ నీలం చూపిస్తాయి. అంతకన్నా ముఖ్యం, నీలం రాలేదంటే అమనిటిన్ లేదని మాత్రమే అర్థం, ఇంకే విషమూ లేదని కాదు.

అమనిటిన్ ఎందుకు నిదానిస్తుందో 1960లలో తెలిసింది. ఇటలీలో ఫియూమే, స్టిర్పే అనే శాస్త్రవేత్తలు ఎలుక కాలేయ కణాల్లో ఆర్ఎన్ఏ తయారీ ఆగిపోతోందని కనిపెట్టారు. డీఎన్ఏ గ్రంథం నుంచి రోజువారీ పనికి నకళ్లు రాసిపెట్టే గుమాస్తాలాంటి ఎంజైమ్ ఒకటుంది, ఆర్ఎన్ఏ పాలిమరేజ్ రెండు అంటారు. అమనిటిన్ పట్టుకునేది దాని చేతినే అని 1970లో తేలింది. నిమిషానికి వేల అక్షరాలు రాసే గుమాస్తా నాలుగైదు రాసి ఆగిపోతాడు. పాత నకళ్లు ఉన్నంతసేపు కణం బండి లాగుతుంది, అవి నిండుకున్నాక కూలబడుతుంది. ఆ మోసపు విరామం అంతా పాత సరుకు మీద నడిచిన సంసారమన్నమాట. రోజర్ కోర్న్‌బర్గ్ బృందం 2002లో, ఆ ఎంజైమ్ సందులో అమనిటిన్ ఇరుక్కుని కూచున్న చిత్రాన్ని అణువు అణువుగా చూపించింది. ఎంజైమ్ నిర్మాణాన్ని విప్పిచెప్పినందుకు 2006లో ఆయనకు నోబెల్ వచ్చింది.

కాలేయాన్నే ఎందుకు పడుతుందన్న ప్రశ్నకు జవాబులో ఒక చమత్కారం ఉంది. పైత్య లవణాలను కాలేయ కణాల్లోకి మోసుకుపోయే ద్వారాలగుండానే అమనిటిన్ లోపలికి చొరబడుతుంది. పైత్యరసంతోపాటు పేగుల్లోకి జారి, మళ్లీ రక్తంలోకి ఇంకి, మళ్లీ కాలేయానికే చేరుతుంది. పైత్యామ్లాల మీద నోబెల్ పొందిన వీలాండ్ ప్రయోగశాలలో దొరికిన విషం, పైత్యం నడిచే దారిలోనే తిరుగుతోంది! మిల్క్ థిసిల్ అనే ముళ్లమొక్క గింజల నుంచి తీసే సిలిబినిన్ ఆ ద్వారాలను కొంత అడ్డగిస్తుంది కాబట్టి యూరప్ ఆసుపత్రుల్లో దాన్ని సిరల్లోకి ఎక్కిస్తారు. 2023లో చైనా శాస్త్రవేత్తలు ఇండోసయనిన్ గ్రీన్ అనే పాత వైద్యపు రంగు ఎలుకల్లో ఈ విషానికి విరుగుడుగా పనిచేసిందని ప్రకటించారు. ఇప్పటికైతే ముందుగా గుర్తుపట్టి ఆసుపత్రికి చేర్చడమే ప్రధానం, కాలేయం పోతే మార్పిడి తప్ప దారి లేదు.

ఇక అమెరికా. అక్కడి పాత పుస్తకాల్లో చావుగొడుగు స్వదేశీ పుట్టగొడుగులా కనిపిస్తుంది. ఆ పేరు తగిలించుకున్నవాటిలో చాలా భాగం వేరే జాతులు. వాటిలో ఒకదానికి అట్కిన్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త 1918లో వేరే పేరు పెట్టి విడదీశాడు. అసలు చావుగొడుగు యూరప్ నుంచి తెచ్చి నాటిన చెట్ల వేళ్ల వెంట వలస వచ్చింది. కాలిఫోర్నియాలో తొలి నమూనాల్లో ఒకటి 1938లో మాంటెరీలోని డెల్ మాంటే హోటల్ తోటలో దొరికింది. శాస్త్రవేత్త ఆన్ ప్రింగిల్, సహచరులు పాత నమూనాలూ డీఎన్ఏ ఆధారాలూ పోల్చి, అమెరికా పడమటి తీరంలో ఇది పరాయి చోటి నుంచి వచ్చి ఇప్పుడు స్థానిక ఓక్ చెట్లకూ పాకుతోందని 2009లో తేల్చారు. ఆస్ట్రేలియాలోనూ అంతే, మెల్‌బోర్న్, కాన్‌బెర్రా వీధుల్లో ఇంగ్లండు ఓక్‌లతోపాటు దిగింది.

అమ్మమ్మ నియమం చెల్లకుండా పోయేది ఇక్కడే. ఆగ్నేయాసియా నుంచి, చైనా నుంచి ఈ దేశాలకు వెళ్లినవాళ్లు ఓక్ కింద లేచిన తెల్లటి గుడ్లను చూసి, స్వదేశంలో రోజూ తిన్న వరిగడ్డి పుట్టగొడుగులే అనుకున్నారు. మన దగ్గర కూడా వరిగడ్డి మోపుల మీద పెంచి అమ్మేది ఆ జాతే. రెండూ గుడ్డులోంచి లేస్తాయి, రెంటికీ అడుగున సంచి ఉంటుంది. తేడాలు మరోచోట: వరిగడ్డిదానికి మెడలో వలయం ఉండదు, రేకులు ముదిరితే గులాబీ రంగుకు తిరుగుతాయి, బీజముద్ర కూడా ఆ రంగే. పైగా అది గడ్డి మీద లేస్తుంది గాని చెట్టు వేరును నమ్ముకోదు. గుడ్డు దశలో కోస్తే ఈ తేడాలేవీ బయటపడవు. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టూ స్థిరపడ్డ తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. అక్కడ చలికాలపు వానలకు పార్కుల్లోని ఓక్‌ల కింద ఇది లేస్తుంది. ఇక్కడి వరిగడ్డి రుచి మరిచిపోలేని నాలుకకు అది పిలుపులా ఉంటుంది.

మరి ఇలాంటి బుట్టను చూసిపెట్టేదెవరు? ఫ్రాన్స్‌లో మందుల దుకాణం నడిపేవాళ్లకు పుట్టగొడుగుల చదువు కూడా ఉంటుంది. సెలవురోజున అడవికి పోయి వచ్చినవాళ్లు బుట్ట తెచ్చి బల్ల మీద పెడితే, ఒక్కొక్కటీ తిరగేసి చూసి ఏవి ఇంటికి, ఏవి చెత్తబుట్టకు అని వేరుచేస్తారు. స్విట్జర్లాండ్‌లో ఊళ్లే దీనికోసం తనిఖీదారులను నియమించుకుంటాయి. కాడ అడుగు లేకుండా తెచ్చినదాన్ని జాగ్రత్త తెలిసిన తనిఖీదారు పాస్ చెయ్యడు. తవ్వి తెమ్మంటాడు.

కొత్త సాధనం అమెరికాది. వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తల బృందం 2020లో గర్భపరీక్ష పట్టీలాంటి పట్టీని తయారుచేసి ప్రకటించింది. పుట్టగొడుగు ముక్కను నీళ్లలో కలిపి అందులో ముంచితే పది నిమిషాల్లో జవాబు. రోగి మూత్రంలో కూడా అమనిటిన్‌ను పడుతుంది కాబట్టి, ఏ కూర తిన్నాడో గుర్తులేని మనిషిని ఆసుపత్రిలో పరీక్షించవచ్చు. దాన్ని చదవడంలో ఒక మెలిక ఉంది: గీత పడితే విషం లేనట్టు, గీత పడకపోతేనే ఉన్నట్టు.

ఆ గీత కూడా అమనిటిన్ గురించే చెబుతుంది. 1952లో పోలండ్‌లోని బిడ్గోష్చ్ ప్రాంతంలో 102 మందికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి, పదకొండుమంది చనిపోయారు. చాలాకాలం ఎవరికీ కారణం తోచలేదు. డాక్టర్ స్టానిస్వావ్ గ్జిమాలా ఇళ్లిళ్లూ తిరిగి ఆరాలు తీసి, 1957లో ప్రకటించాడు: అందరూ తిన్నది కార్టినేరియస్ ఒరెల్లానస్ అనే గోధుమరంగు పుట్టగొడుగు. అప్పటిదాకా దాన్ని ఎవరూ ప్రమాదకరం అనుకోలేదు. అందులో ఉన్నది ఒరెల్లనిన్, అమనిటిన్ కాదు. తిన్నవాళ్లకు జబ్బు బయటపడింది మర్నాడో ఎల్లుండో కాదు, కొందరికి రెండు వారాల తరవాత.